పొద్దున్నకి మొలిచే గవ్వలు

సూర్యుడు పైకి రాకముందే టెంటాయన సముద్రపు ఒడ్డున గవ్వలు చల్లడం పూర్తి చేస్తాడు. భుజాన సగం నిండిన సంచి, చేతిలో పాత గోనెపట్టా ముక్క. తడి ఇసుక మీద ముందు వరుసలో నిండుగా, వెనక వరుసల్లో పలచగా వేస్తాడు. పెద్ద శంఖాలు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి, ఎవరో పారేసుకున్నట్టు ఉండాలి. పని అయ్యాక వెనక్కి వెనక్కి నడుస్తూ గోనెపట్టాతో తన అడుగులు చెరిపేస్తాడు. తర్వాత వెళ్లి టీకి నీళ్లు పెడతాడు. సరుగుడు చెట్ల కింద టెంట్లలో పడుకున్న అతిథులు కళ్లు నులుముకుంటూ వచ్చేసరికి, సముద్రం రాత్రంతా వాళ్ల కోసమే పనిచేసినట్టు ఉంటుంది.

ఆ ఒడ్డుకు నిజానికి గవ్వలు రావు. వచ్చినా నలిగి పొడిపొడిగా వస్తాయి. సముద్రాన్ని నమ్ముకుంటే ఏర్పాట్లు సాగవని టెంటాయన అభిప్రాయం.

ఏర్పాట్ల సంగతి ఆయనకు తెలుసు. అన్నగారి టెంట్ హౌస్‌లో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాడు. పెళ్లికైనా, సంతాప సభకైనా, ఓట్ల మీటింగుకైనా అవే గుంజలు, అవే తాళ్లు. మారేదల్లా వేదిక వెనక కట్టే గుడ్డ రంగు. అంత అనుభవంలోంచి ఆయన ఏరుకున్న సూత్రం ఒకటే. వచ్చిన జనానికి ఏం చేయాలో తెలియదు, కాబట్టి కూర్చోబెట్టాలి. కూర్చున్న మనిషి తప్పిపోడు, తగవు పెట్టుకోడు, టీ ఇస్తే తాగుతాడు.

ఆయన భార్యది పట్నంలో నూలు మిల్లు ఉద్యోగం. తెగిన దారం, ముడిపడిన దారం వేరు చేసే పని. ఆమెకు పగటి షిఫ్టు పడితే ఆయన ఎక్కడో పరాయి ఊళ్లో గుంజలు పాతుతుండేవాడు. ఆయన ఇంటికొస్తే ఆమెకు రాత్రి షిఫ్టు పడేది. ఆ ఇంట్లో ఉండేది ఒక్కరేనని, కాకపోతే కొన్నాళ్లు ఆడమనిషీ కొన్నాళ్లు మగమనిషీ ఉంటారని ఎదురింటివాళ్లు చాలాకాలం అనుకున్నారు. ఆలుమగలు పక్కపక్కన కూర్చుని భోంచేసింది ఎవరి పెళ్లిలోనో తప్ప తమ వంటింట్లో తక్కువ.

ఇలా ఉండగా భార్యకు తల్లి తరఫున సముద్రం పక్కన కాస్త పొలం కలిసొచ్చింది. పొలం అన్నది మర్యాదకి. అంతా ఇసుక. సరుగుడు చెట్లు తప్ప ఏదీ మొలవదు. అమ్ముదామంటే కొనేవాడు లేడు. అప్పుడు ఆమె మిల్లులో విన్న మాటొకటి చెప్పింది.

"మా సూపర్‌వైజరు వాళ్లు మొన్న సెలవులకి వెళ్లి టెంట్లో పడుకుని వచ్చారంట."

"ఇల్లు లేదా వాళ్లకి?"

"ఉంది. మూడు గదులు. అయినా వెళ్లి నేల మీద పడుకున్నారు. దానికి డబ్బు కూడా కట్టారు."

టెంటాయన చాలాసేపు ఆలోచించాడు. "పెళ్లెవరిది?" అన్నాడు.

ఎవరిదీ కాదని నచ్చజెప్పడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది.

చివరికి ఆమె మిల్లుకు జీతం లేని సెలవు పెట్టింది. సీజను అయ్యేవరకు. క్యాంపు నిలబడితే ఉద్యోగం మానేస్తుంది, ఇద్దరూ ఒక్కచోట ఉంటారు. నిలబడకపోతే ఆమె మిల్లుకు, ఆయన అన్నగారి గోడౌనుకు. మళ్లీ పాత కథే. ఇందులో మూడో దారి లేదు.

అన్నగారు టెంట్లు ఇచ్చాడు, షరతు మీద.

"చూడరా తమ్ముడూ. ఒకసారి వచ్చినోళ్లు మళ్లీ వస్తామని నా ఎదురుగా అనాలి. అన్నారా, టెంట్లు నీవే. అనలేదా, సీజను ఆఖర్న లారీ తెస్తా. టెంట్లూ ఎక్కించుకుంటా, నిన్నూ ఎక్కించుకుంటా."

"మరి నేనో బావగారూ?" అంది మరదలు.

"నీకు మిల్లుందిగా అమ్మా" అన్నాడు ఆయన, ఎంతో ప్రేమగా.

మొదటి అతిథులు వచ్చేసరికి పొలం గేటు దగ్గర స్వాగత ద్వారం ఉంది. ద్వారం నుంచి ఇసుక మీదుగా ఎర్ర తివాచీ ఉంది. తివాచీ చివర ప్లాస్టిక్ కుర్చీలు వరుసలు తీరి సముద్రం వైపు చూస్తున్నాయి, కాసేపట్లో సముద్రం లేచి రెండు మాటలు మాట్లాడుతుందన్నట్టు. అతిథులు కూర్చున్నారు. టీ వచ్చింది. తాగారు. ఇంకోసారి వచ్చింది.

"ఇక్కడ చేయడానికి ఏమున్నాయండీ?" అని వాళ్లలో ఒకాయన అడిగాడు.

"కూర్చోవచ్చండీ."

"కూర్చున్నాం. తర్వాత?"

టెంటాయన ఆయన్ని పరీక్షగా చూశాడు. "అటు కుర్చీలో కూడా కూర్చోవచ్చండీ" అన్నాడు.

వాళ్లు మర్నాడు మధ్యాహ్నానికి వెళ్లిపోయారు.

"వాళ్లు ఫంక్షనుకి రాలేదండీ, సెలవులకొచ్చారు" అంది భార్య.

"తేడా ఏంటి?"

"ఫంక్షన్లో పని మనం చేస్తాం. సెలవుల్లో పని వాళ్లు చేసుకోవాలి. అదే సరదా."

ఆ ఒడ్డునే ఆడుకుంటూ పెరిగిన మనిషి కాబట్టి ఏమేం చేయవచ్చో ఆమే చెప్పింది. నీళ్లు వెనక్కి తీసినప్పుడు బండల మధ్య గుంటల్లో పీతల్ని చూడొచ్చు. గాలిపటాలు ఎగరేయొచ్చు. గాలం వేయొచ్చు. ఏరు సముద్రంలో కలిసే చోటిదాకా నడవొచ్చు. పుల్లలేరుకుని వండుకోవచ్చు. గవ్వలేరుకోవచ్చు. టెంటాయన శ్రద్ధగా విన్నాడు. విని, తనకు తెలిసిన పద్ధతిలో ఒక్కొక్కటీ ఏర్పాటు చేశాడు.

అతిథులు చూడబోయేసరికి గుంటలో పీత లేకపోతే చులకన కదా అని ముందే ఒక పీతను పట్టి, కాలికి దారం కట్టి, బండకు ముడివేశాడు. గాలిపటాలు తనే పైకి పంపి కుర్చీలకు కట్టేశాడు, వచ్చినవాళ్లు తలెత్తి చూస్తే చాలు. గాలానికి చేప పడకపోతే బాగుండదని బజారు చేప తెచ్చి బకెట్లో సిద్ధంగా ఉంచాడు. గాలానికి ఏమీ పడలేదు. బకెట్లో చేపకు మాత్రం అప్పటికే పొలుసు తీసి ఉంది. పుల్లలేరుకునే దారిలో పుల్లల్ని ఒకే పొడవున నరికి, కట్టలు కట్టి పెట్టాడు. దారం ఉన్న పీత సంగతి ఒక అతిథి కొడుకు బయటపెట్టాక భార్య పీతల్ని తన ఆధ్వర్యంలోకి తీసుకుంది. గాలిపటాలు, గాలం, పుల్లలు కూడా వరసగా ఆమెకే వచ్చాయి. ఆయనకు గవ్వలు మిగిలాయి.

గవ్వల్ని పట్నంలో డెకరేషన్ సామాన్ల దుకాణంలో కొన్నాడు. వేదిక ముందు వేలాడదీసే గవ్వల తెరలకు టెంట్ హౌస్ ఎప్పుడూ అక్కడే కొంటుంది. గుచ్చడానికి వీలుగా ప్రతి గవ్వకూ చిన్న రంధ్రం ఉంటుంది. టెంటాయనకు అందులో వింతేమీ కనిపించలేదు. ఆయన బతుకులో చూసిన గవ్వలన్నింటికీ రంధ్రం ఉంది.

సీజను సాగింది. వచ్చినవాళ్లు బాగుందన్నారు, థాంక్స్ అన్నారు. మళ్లీ వస్తామని ఎవరూ అనలేదు. భార్య ప్రతి జట్టునూ గేటు దాకా సాగనంపి, వాళ్ల కారు మలుపు తిరిగేదాకా నిలబడేది. ఆమె వెనక్కి వచ్చాక మొహం చూసి ఆయన కుర్చీలు దులపడానికి వెళ్లేవాడు.

ఆఖరి జట్టుగా ఒక కుటుంబం దిగింది. ఇంటికి పెద్ద ఒక రిటైరైన నర్సు. వెంట కొడుకూ కోడలూ, కూతురూ అల్లుడూ, పిల్లలు. కొడుకు బీమా ఆఫీసులో పనిచేస్తాడు, అల్లుడు కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఇద్దరికీ ఏ విషయంలోనూ పొత్తు కుదరదు. అయినా ఏటా కలిసే సెలవులకు వెళ్తారు, లేకపోతే వాదించుకోవడానికి మనిషి దొరకడు.

మొదటి ఉదయం కూతురి కూతురు ఒడి నిండా గవ్వలేరుకొచ్చింది. తల్లి జడదారం అడిగి కూర్చుని గుచ్చుకుంటూ పోయింది.

"అమ్మమ్మా, ఈ సముద్రం చాలా మంచిది. రంధ్రాలు కూడా పెట్టి పంపిస్తోంది. దారం ఒక్కటే మర్చిపోయింది."

అల్లుడు ఒక గవ్వ తీసి వెలుగుకు పట్టి చూశాడు. "ఇది ఒక రకం నత్త చేసే పని. గుల్లకి రంధ్రం పెట్టి లోపలి జీవిని తినేస్తుంది."

"అన్నింటికీ ఒకేచోట పెడుతుందా బావా? నత్త దగ్గర స్కేలుందా?" అన్నాడు కొడుకు. "అలల ఒత్తిడి అది. బలహీనంగా ఉన్నచోట చిల్లు పడుతుంది."

"నీ బలహీనమైన చోటు ఏదో నాకు తెలుసులే బామ్మర్దీ."

మధ్యాహ్నం దాకా ఇదే నడిచింది. నర్సమ్మ రెండు వాదాలూ విని, మాల చేతిలోకి తీసుకుని చూసి, తిరిగి ఇచ్చేసింది. నలభై ఏళ్లు తెల్లవారుజామున వార్డులో మందులిచ్చిన మనిషికి రిటైరైనా ఆ వేళకే మెలకువ వస్తుంది. మర్నాడు ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డుకు వచ్చేసరికి, టెంటాయన ముందు వరుస పూర్తి చేసి వెనక వరుసలో ఉన్నాడు.

"ఏం విత్తుతున్నావు నాయనా?"

టెంటాయన ఆగాడు. సంచి దాచుకోవడానికి చుట్టుపక్కల సముద్రం తప్ప ఏమీ లేదు.

"గవ్వలండీ."

"మొలుస్తాయా?"

"పొద్దున్నకి మొలుస్తాయండీ."

నర్సమ్మ తలాడించింది.

"పిల్లలకి చెప్పకండమ్మా" అన్నాడు టెంటాయన. "ఇది ఆఖరి జట్టు. మీరు మళ్లీ రామంటే నేను గోడౌనుకి, మా ఆవిడ మిల్లుకి."

"చెప్తే నాకేం మిగులుతుంది? వచ్చినప్పట్నుంచీ కుర్చీ వేసి టీ చేతికిస్తున్నావు. నా కాళ్ల వాపు తగ్గించుకుందామని వచ్చానా, పెంచుకుందామని వచ్చానా? ఆ సంచి ఇలా పట్రా."

ఆమె మొదట ఆయన వేసినవి ఏరి సంచిలో పోసి, గుప్పెడు తీసుకుంది. "ఇలా కళ్లెదురుగా పరిస్తే ఎవడికి సరదా? భోజనాల బంతిలా ఉంది. వెతకాలి. దొరక్కూడదు. దొరకదేమో అని ఏడుపు మొహం పెట్టాక దొరకాలి." బండ చాటున ఒకటి, కొట్టుకొచ్చిన దుంగ కింద ఒకటి, పీత బొరియ అంచున ఒకటి. ఇసుకలో సగం పాతి, సగం బయటికి. వార్డులో పిల్లలకి మాత్ర మింగించేటప్పుడు కూడా ఇదే పద్ధతని చెప్పింది. అర్థం కాకపోయినా ఆయన ఆమె వెనకే గోనెపట్టా లాగుతూ తిరిగాడు.

ఆ రోజు పిల్లలు ఎండెక్కేదాకా ఒడ్డు వదల్లేదు.

మర్నాడు తల్లి పక్క మీద లేదని కొడుకు వెతుక్కుంటూ వచ్చాడు. విషయం తెలిసి, ముందు కోప్పడ్డాడు. తర్వాత, "నువ్వు పెట్టినవి ఇట్టే దొరికిపోతాయమ్మా" అని తనూ సంచిలో చెయ్యి పెట్టాడు. ఆ మరుసటి రోజుకు అల్లుడు దిగాడు, ఒడ్డును చదరాలుగా గీసి. కొడుకు దాచినచోటు పక్కనే తనూ దాచి, ఎవరిది ముందు దొరుకుతుందో చూద్దామన్నాడు. కోడలూ కూతురూ వీళ్లెవరికీ చెప్పకుండా కట్టెల మోపులో దాచారు. రంధ్రాలు ఎలా పడ్డాయన్న ప్రశ్న మీద నత్తవాళ్లూ అలలవాళ్లూ ఆ రోజు నుంచి నోరెత్తలేదు.

ఇంతమంది పెద్దవాళ్లు కటిక చీకట్లో చెప్పులు చేతపట్టుకుని గుసగుసలాడుకుంటూ తిరుగుతుంటే పిల్లలకు తెలియకుండా ఉండదు. కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతూ టెంటాయన భార్య వాళ్ల మాటలు విన్నది.

"మావయ్య నిన్న దుంగ కింద పెట్టాడు. నేను చూశా" అన్నాడు కొడుకు కొడుకు.

"నువ్వు చూడలేదు" అంది కూతురి కూతురు. "మనం వెతక్కపోతే వాళ్లు రేపట్నుంచి లేవరు. అప్పుడు అందరూ కుర్చీల్లో కూర్చుంటారు. నీకు కావాలా?"

"వద్దు."

"మరి వెతుకు. ఆ దుంగ కింద మాత్రం చివర్లో వెతుకు."

సెలవుల ఆఖరి రోజున పిల్లలే సంచి లాక్కున్నారు. ఇప్పుడు మేం దాస్తాం, మీరు వెతకాలి, ముందు అందరూ అటు తిరిగి కళ్లు మూసుకోండి అన్నారు. ఎవరూ ఎవరినీ నీకెప్పట్నుంచి తెలుసని అడగలేదు. పెద్దవాళ్లు వరసగా నిలబడి సరుగుడు చెట్ల వైపు తిరిగి కళ్లు మూసుకున్నారు. టెంటాయన టీ ఫ్లాస్కు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

"మీరూ మూసుకోండి" అంది భార్య.

"నేనెందుకు? నేను ఇంటివాణ్ని."

"ఈ పూట దాచింది మీరు కాదుగా."

ఆయన ఫ్లాస్కు కింద పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఒక కార్యక్రమంలో ఆయన చేతులు ఖాళీగా ఉండటం అదే మొదలు. వెతకమన్నాక అందరికంటే నెమ్మదిగా వెతికాడు. చాలాసేపటికి నాచు కింద ఒకటి దొరికింది. తుడిచి, తిప్పి చూసి, "ఇది పాత సరుకు, సీజను మొదట్లో నేను వేసింది" అని భార్యకు చెప్పాడు. జేబులో వేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే అన్నగారి లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. ఆయన దిగి, తివాచీ మీద నడుచుకుంటూ వచ్చి, ఒడ్డంతా వంగి ఇసుక తవ్వుతున్న కుటుంబాన్ని చూసి గాభరా పడ్డాడు. ఫంక్షన్లలో జనం అలా నేల వెతుకుతున్నారంటే దానికి అర్థం ఒక్కటే.

"ఒరేయ్, ఏం పోయిందిరా? గొలుసా? మన కుర్రాళ్ల మీద అనుమానమా? పోలీసులకి ఫోన్ చేశారా?"

"గవ్వలు అన్నయ్యా."

"ఎవరివి?"

"మనవే."

"మనవైతే మనం వెతుక్కోవాలి గానీ వాళ్లెందుకురా వెతకడం?"

"వాళ్లే దాచారు అన్నయ్యా."

అన్నగారు తమ్ముడి నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. వేడేమీ లేదు.

ఇక దాచి లాభం లేదని టెంటాయన భార్య ముందుకొచ్చి నర్సమ్మను అడిగేసింది. "అమ్మా, మా బావగారి ముందు ఒక్క మాట చెప్పండి. మీరు మళ్లీ వస్తారా, రారా?"

నర్సమ్మ నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది. "వస్తాం. పిల్లలకి సెలవులివ్వగానే."

టెంటాయన భార్య ఊపిరి వదిలింది.

"కానీ ఈ టెంట్లలో మాత్రం కాదు" అంది నర్సమ్మ.

అన్నగారి మొహం మారింది. "మా టెంట్లకి ఏం తక్కువమ్మా?"

"ఏం తక్కువ కాదు బాబూ, అన్నీ ఎక్కువే. పెళ్లి హాలంత టెంటు, అందరం అందులో వరసగా పడుకుంటున్నాం. మా అల్లుడుగారి గురక నాకు, నా దగ్గు ఆయనకి. గాలేస్తే గుడ్డలు చప్పట్లు కొడుతున్నాయి. పొద్దున్నే కళ్లు తెరిస్తే నెత్తిమీద ఆ ఎర్ర పసుపు చారలు చూసి, ఇవాళ పెళ్లెవరిదా అని ఉలిక్కిపడుతున్నా. మా చిన్న టెంట్లు మేం తెచ్చుకుంటాం. ఈ స్థలం ఉండాలి, నీళ్లు ఉండాలి, ఈయనా ఈవిడా ఉండాలి. అంతే."

టెంట్లు బాగున్నాయి, మనుషులే బాగా లేరన్న ఫిర్యాదు అన్నగారు చాలాసార్లు విన్నాడు. దానికి జవాబు సిద్ధంగా ఉండేది. మనుషులు కావాలి, టెంట్లే వద్దన్నవాళ్లు వీళ్లే మొదలు. పైగా షరతు ఆయన పెట్టిందే. మళ్లీ వస్తామంటే టెంట్లు తమ్ముడివి. వస్తామన్నారు. కానీ టెంట్లు వద్దన్నారు. మాట మీద నిలబడాలంటే ఎవరికీ అక్కర్లేని టెంట్లు వదిలి వెళ్లాలి. రాబోయేది పెళ్లిళ్ల రోజులు, ఆయనకు టెంట్లూ కావాలి, తమ్ముడూ కావాలి. లారీలో తన పక్క సీటు తమ్ముడి కోసం తుడిపించుకుని మరీ వచ్చాడు.

"మరి ఎట్లారా ఇది?" అన్నాడు తమ్ముడితో.

టెంటాయన అన్నను చూశాడు, భార్యను చూశాడు. ఏర్పాట్ల మనిషే గానీ ఇలాంటి ఏర్పాటు ఎప్పుడూ చేయలేదు.

"టెంట్లు తీసుకెళ్లండి బావగారూ" అంది భార్య. "మనిషిని వదిలేయండి."

అన్నగారు కాసేపు ఇసుకను చెప్పుతో గీశాడు. తర్వాత గొంతెత్తి డ్రైవరును కేకేసి, వెనక తలుపు దించమన్నాడు.

సాయంత్రానికి గుంజలన్నీ లారీ ఎక్కాయి. దించింది టెంటాయనే, ఎక్కించిందీ టెంటాయనే. తాళ్లు చుట్టి, ముడులు రెండుసార్లు లాగి చూశాడు. ఖాళీ అయిన నేల మీద నర్సమ్మ కొడుకూ అల్లుడూ ఎవరి టెంటు ఎక్కడ రావాలో సరుగుడు పుల్లలు పాతుకుంటూ గొడవపడ్డారు. ఒకాయనకు నీడ కావాలి, ఒకాయనకు సముద్రం కనబడాలి. నర్సమ్మ ఇద్దరికీ దూరంగా, కొళాయికి దగ్గరగా తన పుల్ల పాతుకుంది. లారీ బయల్దేరింది. తమ్ముడి కోసం తుడిపించిన సీట్లో, అన్నగారి పక్కన, ఆయన సంచి ఒక్కటే కూర్చుని వెళ్లింది.

సోమవారం భార్య పొద్దున బస్సుకు పట్నం వెళ్లింది. మిల్లు సూపర్‌వైజరు ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. ఆలోచించానంది. షిఫ్టు చెప్పుల జత, స్టీలు గిన్నె, దారం తెంపడానికి మెడలో వేసుకునే చిన్న కత్తెర తీసుకుని, లాకరు తాళంచెవి ఇచ్చేసి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చింది. ఆ రాత్రి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని భోంచేశారు.